హట్టి బంగారుగనులు – పాషాణము – మొక్కల ఓర్పు

కృష్ణా తుంగభద్రా నదుల నడుమనున్న రాయచూరు అంతర్వేది దక్షిణాపథ చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధి గాంచినది. బహమనీ సుల్తానులును విజయనగర ప్రభువులును దీనికొఱకు తరతరములుగా పోరాడిరి. 1520లో శ్రీకృష్ణదేవరాయలు బీజాపురపు సుల్తానును ఓడించినది ఈ నేలకొఱకే. కాకతీయుల కాలమున 1294లో కట్టబడిన రాయచూరు కోటగోడలో ఒక దీర్ఘశిలపై తెలుగు శాసనము చెక్కబడి యున్నది. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరుగువఱకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిదే. కావున ఈ సీమ చరిత్ర తెలుగువారికి పరాయిది కాదు.

ఈ సీమను గూర్చి వ్రాసినవారు కోటలను, యుద్ధములను, శాసనములను విరివిగా వర్ణించిరి. ఇచ్చటి బంగారమును గూర్చియు చెప్పిరి. కాని బంగారము తీసికొనిపోయిన పిమ్మట నేలపై మిగిలిన రాతిపొడిని గూర్చియు, దానిపై మొలచు మొక్కలను గూర్చియు చరిత్రగ్రంథములలో కానవచ్చునది స్వల్పము. రాజులు మాఱిరి, గనులు మూతపడి మరల తెఱువబడినవి, ఆ పొడి మాత్రము కదలలేదు. అందులోని విషమునకు మొదట సమాధానము చెప్పవలసి వచ్చినది మొక్కయే. ఆ సమాధానమెట్టిదో తెలిసికొనుట వృక్షశాస్త్రమునకు మాత్రమే గాక, ఆ నేలపై పైరు పండించుకొని ఆ నీరు త్రాగువారి క్షేమమునకు సైతము ముఖ్యము. మొక్క పచ్చగా నున్నంతమాత్రమున నేల నిర్విషమని తలచుట ఎంత ప్రమాదకరమో నిరూపించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

1. పురాతనపు గనులు

లింగసుగూరు తాలూకాలో, రాయచూరు నగరమునకు పడమర సుమారు 80 కిలోమీటర్ల దూరమున హట్టి గ్రామము కలదు. హట్టి, మస్కి ప్రాంతముల మీదుగా సాగు రాతిపట్టీ ధార్వాడ శిలాశ్రేణికి చెందినది. దక్షిణదేశపు బంగారమునకు ఈ శ్రేణియే ముఖ్యస్థానమని రాబర్టు బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1888లో ప్రకటించెను.

ఆధునిక యంత్రములతో గని త్రవ్వ నారంభించినవారికి ఒక వింత ఎదురయ్యెను. తమకు ఎన్నో శతాబ్దులకు పూర్వమే ఎవరో ఆ రాతిని త్రవ్వి యుండిరి. ఆ ప్రాచీనుల త్రవ్వకములు 640 అడుగుల లోతువఱకు పోయినవి. మందుగుండు ఎఱుగని కాలమున అంత లోతునకు దిగుట సామాన్యకార్యము కాదు. వారు రాతికి ఆనించి కట్టెలు పేర్చి నిప్పంటించి, కాలిన రాతిపై చన్నీరు పోసి పగులగొట్టెడివారు. పగిలిన రాతిని పైకి తెచ్చి, బండలలో తొలిచిన గుంటలయందు దంచి, నూఱి, నీటిలో కడిగి బంగారపు రేణువులను వేఱుపఱచెడివారు. పాతగనిలో దొరకిన కొయ్యను రేడియోకార్బను పద్ధతిచే పరీక్షింపగా అది సుమారు రెండువేల యేండ్ల నాటిదని తేలినది. ఆల్చిన్ పండితుడు ప్రాచీన భారతపు బంగారుగనులను గూర్చి 1962లో ప్రకటించిన వ్యాసమున ఈ పద్ధతులను విపులముగా చర్చించెను.

మస్కి గ్రామమునందలి అశోకుని శిలాశాసనము బయల్పడుట సైతము బంగారపు అన్వేషణ ఫలితమే. 1915లో బీడన్ అను గని ఇంజనీరు బంగారము జాడలు వెదకుచు ఈ శాసనమును చూచెను. అదే సంవత్సరము హెచ్. కృష్ణశాస్త్రిగారు దానిని పరిష్కరించి హైదరాబాదు పురావస్తు గ్రంథమాలలో తొలి సంపుటముగా ప్రకటించిరి. దేవానాంప్రియుడన అశోకుడే యని పేరుతో తెలిపిన శాసనమగుటచే దీనికి విశేషఖ్యాతి కలిగినది. మౌర్యుల శాసనములలో పేర్కొనబడిన సువర్ణగిరి ఈ ప్రాంతముననే యుండి యుండునని కొందఱు చరిత్రకారులు తలచిరి.

కౌటిల్యుని అర్థశాస్త్రమున ఆకరాధ్యక్షుని విధులు చెప్పబడినవి. కిట్టము, మూషలు, బొగ్గు, బూడిద అను గుఱుతులచే పాతగనిని గుర్తింపవలెనని అందు కలదు. అనగా గని విడిచిపోయిన వ్యర్థపదార్థము దీర్ఘకాలము నిలుచునను సంగతి ఆనాటివారికి బాగుగా తెలియును. ఆ వ్యర్థమే గనికి సాక్ష్యము.

నిజాము ప్రభుత్వకాలమున హైదరాబాదు దక్కను కంపెనీ ఈ ప్రాంతమున గనులు నడిపినది. ఇరువదవ శతాబ్ది తొలి రెండు దశాబ్దులు గడచునప్పటికి ఆ పని ఆగిపోయెను. 1947లో హైదరాబాదు గోల్డ్ మైన్సు కంపెనీ ఏర్పడి పని పునఃప్రారంభించినది. రాష్ట్రముల పునర్విభజన పిమ్మట అది హట్టి గోల్డ్ మైన్సు అను పేరు వహించినది. 2001లో కోలారు గనులు మూతపడిన పిదప దేశమున రాతినుండి బంగారము తీయు గనులలో హట్టియే ప్రధానమైనది.

ఇచ్చట గమనింపవలసిన లెక్క యొకటి కలదు. టన్ను రాతినుండి లభించు బంగారము కొలది గ్రాములు మాత్రమే. అనగా బంగారము పోను ఇంచుమించు టన్ను రాయి అంతయు పొడియై గనిప్రక్కనే మిగులును. రెండువేల యేండ్ల చరిత్రలో లోకమునకు చేరినది గ్రాములు. ఈ నేలపై నిలిచినవి టన్నులు.

2. బంగారముతో కూడిన పాషాణము

హట్టి రాతిలో బంగారము ఒంటరిగా లేదు. దానితోపాటు ఆర్సెనోపైరైటు అను ఖనిజము కలదు. ఇనుము, గంధకము, ఆర్సెనిక్కు కలసిన పదార్థమిది. శుద్ధమైన ఆర్సెనోపైరైటు తూకములో సుమారు 46 శాతము ఆర్సెనిక్కే. దీనినే తెలుగున పాషాణమందురు. అరిదళము, మణిశిల, శంఖపాషాణము అని మన వైద్యులు, చిత్రకారులు ఎఱిగిన ద్రవ్యములన్నియు దీని సమ్మేళనములే. శాస్త్రపరిభాషలో పాషాణము పూర్తిగా లోహము కాదు, అర్ధలోహము. అయినను విషగుణమునుబట్టి సీసము, కాడ్మియము, పాదరసములతోపాటు దీనిని సైతము భారలోహముల వరుసలో చేర్చుట వాడుక.

భూగర్భమున గాలి తగులనంత కాలము ఈ ఖనిజము నిశ్చలముగా నుండును. రాతిని త్రవ్వి పొడిచేసి ఎండకును వానకును విడిచినప్పుడు దాని స్వభావము మాఱును. గంధకము ఆమ్లమగును; ఇనుము త్రుప్పగును; పాషాణము ఆర్సెనేటు అను కరగు రూపము దాల్చును. అదృష్టవశమున ఇనుపత్రుప్పునకు ఆర్సెనేటును పట్టి యుంచు గుణము కలదు. ఎఱ్ఱని త్రుప్పు నేలలో నున్నంతవఱకు విషములో అధికభాగము దానికి అంటుకొని యుండును. త్రుప్పు కరగిననాడు విషము విడివడును. ఈ ఒక్క సూత్రము ముందు చెప్పబోవు విషయమునకు ఆధారము.

పాషాణముగల రాయి నిప్పులో కాలినప్పుడు విషధూమము వెలువడును. ప్రాచీనులు గనిలోపల నిప్పు పెట్టి రాతిని పగులగొట్టినవారు. ఇఱుకైన ఆ సొరంగములలో దిగిన కార్మికులు ఎట్టి బాధలు పడిరో ఏ శాసనమును చెప్పదు.

3. మొక్కల మూడు మార్గములు

మొక్కను చూచి భూగర్భమును గుర్తించు విద్య మనదేశమున ప్రాచీనమైనది. వరాహమిహిరుని బృహత్సంహితయందలి దకార్గళాధ్యాయమున నేరేడు, అత్తి మొదలగు వృక్షములను, వాని చెంతనున్న పుట్టలను బట్టి నీటిజాడ తెలిసికొను విధము చెప్పబడినది. ఐరోపాలో అగ్రికోలా 1556లో వెలువడిన తన గనిశాస్త్రగ్రంథమున, లోహపు చాళ్లమీద పెరుగు చెట్టుచేమల రూపభేదమును గుర్తింపవలెనని వ్రాసెను.

మొక్క లోహమును లోపల చేర్చుకొనునని రసాయనపరీక్షచే తెలిసినది మాత్రము ఇటీవలి కాలముననే. జర్మనీలో ఆఖెన్ నగరప్రాంతపు యశదపు నేలలలో పెరుగు మొక్కల ఆకులలో యశదము అధికముగా నున్నదని బౌమన్ 1885లో చూపెను. 1948లో ఇటలీ శాస్త్రజ్ఞులు మింగుట్సి, వెర్ఞానో అనువారు ఒక చిన్న మొక్క ఎండుటాకులో నికెలు ఒక శాతమునకు చేరువగా నున్నదని ప్రకటించిరి. సాధారణముగా మొక్కలయందు ఆ లోహము లక్షకు ఒక పాలైన నుండుట అరుదు.

వీరికి భిన్నమైన ప్రశ్న వేసినవాడు బ్రాడ్‌షా. వేల్సుదేశమున ఒక పాత సీసపుగని వ్యర్థముపై పెరుగు గడ్డిని, సమీపపు పచ్చికబయలునందలి అదే జాతి గడ్డిని తెచ్చి ఆయన గనిమట్టిలో పెంచెను. గనిపై పెరిగిన గడ్డి బాగుగా ఎదిగినది. పచ్చికబయలి గడ్డి నిలువలేకపోయినది. జాతి యొక్కటే, ఓర్పు వేఱు. ఆ ఓర్పు వంశపారంపర్యముగా వచ్చినది. 1952లో వెలువడిన ఈ పరిశీలన గొప్ప మలుపు. గని మూతపడిన కొలది తరములలోనే, విషమును ఓర్వలేనివి నశించి, ఓర్చుకొనగల కొన్ని మాత్రము మిగిలి, వాని సంతతి ఆ నేలను ఆక్రమించినదని దీనివలన తేలినది.

1981లో బేకర్ అను శాస్త్రజ్ఞుడు అంతవఱకు తెలిసిన సంగతులను క్రోడీకరించి, లోహమునెడ మొక్కలు అవలంబించు మార్గములు మూడని వర్గీకరించెను. మొదటిది నిరోధము: లోహమును వేరులోనే ఆపి కొమ్మకు, ఆకునకు చేరనీయకుండుట. రెండవది సూచన: నేలలో ఎంత యున్నదో ఆకులో అందుకు తగినంత కనబఱచుట. మూడవది సంచయము: నేలలో స్వల్పముగా నున్నను ఆకులో రాశిగా చేర్చుకొనుట. పైకి ఈ మూడు మొక్కలును ఒకే తీరున పచ్చగా నుండవచ్చును. ఒకదాని ఆకు నిరపాయము. వేఱొకదాని ఆకు విషపుమూట. కంటిచూపు ఈ భేదమును పట్టలేదు.

4. మొక్కలోపల జరుగునది

పాషాణము మొక్కలోనికి దొంగదారిని ప్రవేశించును. ఆర్సెనేటు రూపమున ఫాస్ఫేటును పోలియుండును. భాస్వరము లేక మొక్క బ్రతుకలేదు. దానికొఱకు వేరు తెఱచియుంచిన ద్వారముననే విషమును లోపల జొచ్చును. ఇంగ్లండున గనినేలలపై పెరుగు ఒక గడ్డిజాతిని పరిశీలించి, ఓర్పుగల మొక్కలు ఆ ద్వారమును చాలవఱకు మూసికొని, తక్కువ ఫాస్ఫేటుతో నెమ్మదిగా కాలము గడపుచున్నవని మెహార్గ్, మాక్నెయిర్ అనువారు 1992లో నిరూపించిరి. విషము చేత చచ్చుటకన్న అర్ధాకలితో బ్రతుకుట మేలని ఆ గడ్డి యెంచుకొన్నట్లున్నది.

లోపలికి వచ్చిన ఆర్సెనేటును జీవకణము ఆర్సెనైటుగా మార్చును. ఇది మఱింత తీక్ష్ణమైన విషము. దీనిని బంధించుటకు మొక్క గంధకముతో కూడిన చిన్న మాంసకృత్తుల గొలుసులను అప్పటికప్పుడు అల్లుకొనును. వీనికి ఫైటోకీలేటినులని పేరు. గ్రిల్, వినాకర్, జెంక్ అను జర్మను శాస్త్రజ్ఞులు 1985లో వీనిని కనుగొనిరి. గొలుసుచే బంధింపబడిన విషమును జీవకణము తన మధ్యనున్న రిక్తికలోనికి నెట్టి మూసివేయును. కాడ్మియము విషయమునను ఇంచుమించు ఇదియే పద్ధతి.

ఈ పని ఊరక జరుగునది కాదు. గొలుసులల్లుటకు గంధకమును శక్తియును కావలెను. అందుచేత విషపునేలపై మొక్క సాధారణముగా పొట్టిగా నుండును, వేరు కుఱుచబడును, గింజ తగ్గును. ఓర్పునకు మూల్యమున్నది. విషములేని మంచినేలలో ఓర్పుగల గడ్డి తన సాటి గడ్డితో పోటీపడలేక వెనుకబడుట ఇందువలననే.

తెలుగునాట ఈ శాస్త్రమున కృషి జరుగకపోలేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆచార్యులు ఎం.ఎన్.వి. ప్రసాద్‌గారు హాగెమాయరు అను శాస్త్రజ్ఞునితో కలసి, మొక్కలు భారలోహముల ఒత్తిడిని ఎదుర్కొను విధమును గూర్చిన బృహద్గ్రంథమును 1999లో సంపాదించి ప్రకటించిరి.

5. విషమును మేయు ఫెర్ను

2001లో ఒక వార్త శాస్త్రలోకమును ఆశ్చర్యపఱచినది. అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున, కొయ్యకు చెదలు పట్టకుండ పాషాణపు మందు పూసెడి స్థలమొకటి కలుషితమై యుండెను. ఆ నేలపై టెరిస్ విట్టేటా అను ఫెర్నుమొక్క దట్టముగా పెరుగుచుండుట లేనా మా అను శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును చూచిరి. పరీక్షింపగా ఆ మొక్క పాషాణమును వేరులో నిలుపక ఆకులకు చేర్చుచున్నదని తేలినది. పాషాణము కలిపిన మట్టిలో పెంచినప్పుడు ఎండుటాకు బరువులో రెండు శాతమునకు పైగా అదే యుండెను.

ఈ ఫెర్ను మనకు క్రొత్తది కాదు. మనదేశమున తడిగల పాతగోడలలోను, బావుల ఒరలలోను సహజముగా పెరుగును. దీనిని నాటి, ఆకు కోసి తొలగించుచు నేలను క్రమముగా శుభ్రపఱుపవచ్చునను ఆశ అప్పటినుండి ప్రబలినది. ఆశకు ఆధారమున్నను పరిమితులును కలవు. ఫెర్నునకు తడి కావలెను; రాయచూరు ఎండలలో పొడిగుట్టపై అది నిలువదు. శుద్ధికి ఏండ్లు పట్టును. కోసిన ఆకును ఎక్కడ వేయవలెనను ప్రశ్న మిగులును. కాల్చినచో విషము పొగయగును, కుళ్లినచో మరల మట్టిలో కలియును.

మెట్టసీమ గనిగుట్టలకు తగినది వేఱొక మార్గము. విషమును పైకి తీయుటకు బదులు, దానిని వేరులోనే ఆపు నిరోధకజాతులను పెంచి, పొడి గాలికెగురకుండ, వాననీటిలో కొట్టుకొనిపోకుండ కట్టడి చేయుట. లోతుగా దిగు వట్టివేరు ఇందుకు పలుదేశములలో వినియోగింపబడినది. ఏ మొక్కనైనను నాటుటకు ముందు దాని ఆకును, కాయను పశువులు మేయునా యని విచారింపవలెను. గుట్ట పచ్చబడినదని సంతోషించి మేకలను తోలినచో మట్టిలో నిలిచిన విషము పాలలోనికి, మాంసములోనికి దారి వెదకికొనును.

6. జొన్నచేను, వరిమడి

రాయచూరు సీమ తరతరములుగా జొన్న పండిన మెట్టనేల. 1953లో తుంగభద్ర ఆనకట్ట నిండి ఎడమకాలువ పాఱుటతో ఈ జిల్లా వ్యవసాయము మాఱినది. కోస్తా ఆంధ్రమునుండి వచ్చిన తెలుగు రైతులు సింధనూరు, మాన్వి తాలూకాలలో క్యాంపులు కట్టుకొని, నల్లరేగడిని మడులుగా మలచి వరి పండించిరి. పిదప కృష్ణపై నారాయణపురపు ఆనకట్ట కుడికాలువచే లింగసుగూరు, దేవదుర్గము వైపునకు సైతము నీరు వచ్చినది. ఇది ఈ సీమ ఆర్థికచరిత్రలో శుభాధ్యాయము.

అయినను పాషాణము దృష్టితో చూచినప్పుడు జొన్నచేనును వరిమడియు ఒకటి కావు. గాలియాడు మెట్టచేనులో ఇనుపత్రుప్పు గట్టిగానుండి పాషాణమును పట్టి యుంచును. నీరు నిలిచిన మడిలో గాలి అందక ఆ త్రుప్పు కరగును; దానికంటిన పాషాణము ఆర్సెనైటుగా విడివడును. ఇదిగాక వరికి ఇసుకసారమైన సిలికాను అధికముగా కావలెను. ఆర్సెనైటు ఆ సిలికాను ప్రవేశించు దారిననే వరివేరులో జొచ్చునని 2008లో జపాను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. అందువలన సాధారణ ధాన్యములలో పాషాణమును ఎక్కువగా గ్రహించునది వరియే. అందును గింజకన్న గడ్డిలో దాని పాలు ఎక్కువ. ఆ గడ్డిని తినునవి పశువులు.

ఈ మాట కాలువ క్రింది వరి అంతటికిని వర్తింపదు. నదినీటితో, ఖనిజములేని నేలలో పండిన పంటకు ఈ దోషమును అంటగట్టుట అన్యాయము. ఖనిజశిలల నడుమ తోడిన బోరునీటితో వరి పండించుచోటనో, గనిపొడి కొట్టుకొని వచ్చి చేరిన పల్లపు పొలముననో పరీక్ష లేకుండ నిశ్చింతగా నుండరాదని మాత్రమే తాత్పర్యము. దోషమున్నచోట వరికి బదులు మెట్టపైరు వేయుటయు, వరి తప్పనిసరియైనచో మడిని మధ్యమధ్య ఆరగట్టుటయు విషప్రవేశమును తగ్గించును. ఈ సీమకు మూలధాన్యమైన జొన్నయే ఇట్టి నేలకు క్షేమకరమగుట గమనింపదగినది.

7. కిరదళ్లి తాండా నేర్పు పాఠము

రాయచూరునకు పొరుగున యాదగిరి జిల్లా సురపురము ప్రాంతమున మంగళూరు శిలాపట్టీ కలదు. హట్టివలెనే ఇచ్చట సైతము పూర్వము బంగారుగనులు నడచినవి. ఈ పట్టీలోని కిరదళ్లి తాండాలో లంబాడీలు నివసింతురు. వారిలో పలువురి అరచేతులును అరికాళ్లును గట్టిపడి పొక్కులు లేచుట, చర్మముపై నల్లమచ్చలు పుట్టుట వైద్యులకు తెలియవచ్చెను. జాదవ్‌పూరు విశ్వవిద్యాలయమునకు చెందిన దీపాంకర్ చక్రవర్తియు ఆయన సహచరులును అచ్చటి నీటిని, మనుజుల వెండ్రుకలను, గోళ్లను పరీక్షించి, కారణము త్రాగునీటిలోని పాషాణమని 2013లో ప్రకటించిరి. లీటరు నీటిలో పాషాణము 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించినది. ఈ హద్దు దాటిన నీటికి రంగు మాఱదు, రుచి మాఱదు, వాసన రాదు.

పాషాణమును బంధింపగల గొలుసులు మొక్కకు కలవు. మూసిపెట్టుకొనగల రిక్తికలు కలవు. ఓర్వలేని తరము నశించి ఓర్వగల తరము పుట్టుటకు దానికి వ్యవధి కలదు. మనుష్యునకు అట్టి వ్యవధి లేదు. ఓర్వలేని గడ్డి నశించుటను వృక్షశాస్త్రము ప్రకృతివరణమని పేర్కొనును. తాండాలో బిడ్డ వ్యాధిగ్రస్తుడగుటకు అట్టి పేరు పెట్టి ఊరకుండుట తగదు.

కావున హట్టి – మస్కి పట్టీలో జరుగవలసిన పనులు కొన్ని స్పష్టమగుచున్నవి. ప్రతి బోరుబావి నీటిని పరీక్షించి ఫలితమును ఆ ఊరివారి భాషలలో – కన్నడమున, తెలుగున, ఉర్దూలో, లంబాడీలకు అర్థమగు మాటలలో – బావికడనే వ్రాసి యుంచవలెను. గనిగుట్టలపై స్వయముగా మొలచిన జాతుల పట్టిక వ్రాసి, ఏది విషమును వేరులో ఆపుచున్నదో, ఏది ఆకునకు చేర్చుచున్నదో నిర్ణయింపవలెను. బ్రాడ్‌షా వేల్సులో చేసిన ప్రయోగమును ఇచ్చటను చేయవలెను: పాతగని గుట్టపైని గరికను, దూరపు చేనిగట్టునందలి గరికను తెచ్చి, రెండు మట్టులలోను రెండింటిని పెంచి చూచుట. నాలుగు కుండీలతో మొదలగు ఈ పరీక్ష రాయచూరునందలి వ్యవసాయ విజ్ఞాన విశ్వవిద్యాలయము వంటి సంస్థకు కష్టసాధ్యము కాదు. వేల్సుగని వయస్సు కొలది శతాబ్దులు. హట్టి పాతగనుల వయస్సు రెండువేల యేండ్లు. ఇంత దీర్ఘకాలము విషమునెదుర్కొన్న గడ్డి ఏమి నేర్చుకొన్నదో తెలిసికొనుట శాస్త్రమునకు లాభము. ఆ గడ్డిచేతనే గుట్టలను కప్పగలిగినచో గ్రామములకు క్షేమము.

మస్కి బండపైని అక్షరములను చదువుటకు ఒక పండితుడు కావలసి వచ్చెను. హట్టి గుట్టపైని గరిక సైతము అట్టి శాసనమే. దానిని చదువకుండ, పచ్చదనమును చూచి తృప్తిపడి పోవుట ఈ సీమచరిత్రను సగమే చదువుట యగును.